క్షమ అడుగుతరు.. భూమి ఇయ్యరు

జెండా మారింది. జాతీయగీతం మారింది. కుర్చీల కూసునే మనిషి రంగు మారింది. 1994 ఏప్రిల్ 27న దక్షిణాఫ్రికాల నల్లజనం మైళ్లకొద్ది బారులు కట్టి, బతుకుల మొదటిసారి ఓటేసిండ్రు. మే 10న నెల్సన్ మండేలా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిండు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల లొల్లిల ఒక్క సంగతి ఎవరికీ వినబడలేదు. పట్టా కాగితం మీద పేరు మారలేదు.

ఆ దేశంల 1994 తర్వాత వచ్చిన నవలలను మన దిక్కు కాలేజీలల్ల, యూనివర్సిటీలల్ల చదువుతున్నరు, సెమినార్లు పెడుతున్నరు. అపరాధ భావన, ప్రాయశ్చిత్తం, క్షమ, మానవ స్వభావం.. ఇట్ల పెద్దపెద్ద మాటలు దొర్లుతయి. నేల మాట మాత్రం అరుదుగ వస్తది. నేల మాట లేకుండ నీతి మాట్లాడుడు ఎవరికి లాభం? నేల చేతిల ఉన్నోడికే లాభం. అందుకే ఈ నవలల సంగతి సాహిత్య విద్యార్థులకు వదిలిపెట్టే సంగతి కాదు. అధికారం మారినంక నీతి లెక్కలు ఎవరు రాస్తరు, ఎవరి మీద రాస్తరు అన్న సంగతి ఇది. పోరాడినోళ్లందరికీ పనికొచ్చే సంగతి.

నీతి పేరు మీద చట్టం

తెల్ల పాలకులు నీతిని మాటలకే వదిలిపెట్టలేదు, చట్టం చేసిండ్రు. 1927ల వచ్చిన 'ఇమ్మొరాలిటీ యాక్ట్' పెళ్లి కాని తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు నడుమ సంబంధం నేరమన్నది. 1948ల నేషనల్ పార్టీ గద్దెనెక్కింది. 1949ల జాతుల నడుమ పెండ్లిళ్లనే నిషేధించిండ్రు. 1950ల పాత చట్టాన్ని తెల్లవాళ్లు కాని అందరికీ సాగదీసిండ్రు. అదే ఏడు ప్రతి మనిషిని పుట్టుకతోనే ఏ జాతో రాసిపెట్టే రిజిస్ట్రేషన్ చట్టం, ఎవరు ఏ వాడల ఉండాల్నో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చినయి. జుట్టుల పెన్సిల్ గుచ్చి, అది జారి పడ్డదా నిలిచిందా అని చూసి జాతి తేల్చిండ్రు. పెండ్లి, పడక చట్టాలు 1985 దాక బతికే ఉన్నయి.

అంటే, పడకటింట్ల పోలీసు నిలబడ్డ దేశం అది. అయినా దొర తన ఇంట్ల పనిచేసే నల్ల ఆడమనిషి మీద చెయ్యి వేస్తే ఏ కోర్టు న్యాయం చెప్పింది? అంతకు ముందటి కథ యాది చేసుకోండ్రి. ఖోయిఖోయి తెగ బిడ్డ సారా బార్ట్‌మన్‌ను 1810ల లండన్ తోలుకపోయి, ఆమె ఒళ్లును టికెట్టు పెట్టి చూపించిండ్రు. 1815ల ఆమె ప్యారిస్‌ల చచ్చిపోతే, ఎముకలు, అవయవాలు మ్యూజియంల పెట్టిండ్రు. ఆ అవశేషాలు సొంత నేలకు వచ్చింది 2002ల. దాదాపు 190 ఏండ్లకు! ఆడదాని ఒళ్లు, నల్ల రంగు, తెల్ల అధికారం.. ఈ మూడింటి చరిత్ర తెలువకుండ ఆ దేశపు నవల చదివితే సగం పేజీలు కనబడవు.

బహుమతులు తెచ్చిన నవల

1999ల జె.ఎం.కూట్జీ 'డిస్‌గ్రేస్' నవల వచ్చింది. ఆ ఏడు బుకర్ బహుమతి గెలిచింది. 1983ల 'లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ మైకేల్ కె'కు ఒక బుకర్ వచ్చి ఉండె. రెండుసార్లు బుకర్ గెలిచిన మొదటి రచయిత ఆయనే. 2003ల నోబెల్ కూడ వచ్చింది. మంచి రచయిత. అందుల డౌటు లేదు. 1980ల రాసిన 'వెయిటింగ్ ఫర్ ది బార్బేరియన్స్' చదివినోళ్లకు తెలుసు, సామ్రాజ్యం తన శత్రువును తనే ఎట్ల తయారు చేసుకుంటదో ఆయన ఎంత బాగ పట్టుకున్నడో. మన పేచీ ఆయన కలం పదును మీద కాదు. ఆ పదును ఎటు దిక్కు తిరిగిందన్న దాని మీద.

కథ ఇది. డేవిడ్ లూరీ కేప్‌టౌన్‌ల 52 ఏండ్ల తెల్ల ప్రొఫెసర్. రెండుసార్లు విడాకులైనయి. తన క్లాసుల చదివే మెలనీ అనే పిల్లను వెంటబడి లొంగదీసుకుంటడు. ఆ పిల్ల రంగు ఏందో నవల సూటిగ చెప్పదు, సైగలు మాత్రం చేస్తది. ఒకరోజు ఆమె గదికి పోయి, ఆమెకు ఇష్టం లేకున్నా ఆగడు. ఫిర్యాదు అయితది. విచారణ కమిటీ ముందట లూరీ నేరం ఒప్పుకుంటడు. ఆ పిల్ల రాసిచ్చిన వాంగ్మూలం చదవనుకూడ చదవడు. పశ్చాత్తాపం చూపించు, ఉద్యోగం ఉంటది అంటే 'అది మీకు సంబంధం లేని పని' అన్నట్టు లేచిపోతడు. కొలువు పోతది.

అక్కడి నుంచి ఈస్టర్న్ కేప్‌ల ఉన్న బిడ్డ లూసీ దగ్గరికి పోతడు. ఆమెకు ఐదు హెక్టార్ల చెలక, కుక్కల కొట్టాలు. పక్కన పెట్రస్ అనే నల్లమనిషి. మొదాల ఆమెకు పనిమనిషి, తర్వాత వాటాదారు. సర్కారు గ్రాంటుతోని ఆమె దగ్గర్నే హెక్టారుకు కొంచెం పైన కొంటడు. ఒకనాడు ముగ్గురు నల్లవాళ్లు వచ్చి తండ్రికి నిప్పు పెడ్తరు, కుక్కలను కాల్చిపడేస్తరు, లూసీని చెరుస్తరు. అందుల ఒక పోరడు పెట్రస్ ఇంటోళ్ల చుట్టం. లూసీ పోలీసులకు దొంగతనం సంగతే చెప్తది. తనకైన గాయం చెప్పదు. కడుపైతది. పారిపోదు. పెట్రస్‌కు పేరుకు మూడో పెండ్లమై, భూమి ఆయనకు రాసిచ్చి, ఇల్లు ఒక్కటి తనకు ఉంచుకోను ఒప్పుకుంటది.

ఐదు హెక్టార్ల మాయ

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నవలల భూమి తెల్లచేతి నుంచి నల్లచేతికి ఎట్ల మారింది? అత్యాచారంతోని, భయంతోని మారింది. మరి నిజమైన దక్షిణాఫ్రికాల భూమి ఎట్ల మారింది? మారనే లేదు!

లెక్క చూడుండ్రి. 1913 నేటివ్స్ ల్యాండ్ యాక్ట్ దేశంల ఉన్న నేలల దాదాపు 7 శాతం మాత్రమే నల్లజనానికి విడిచిపెట్టింది. 1936ల దాన్ని దాదాపు 13 శాతం దాక పెంచిండ్రు. జనాభాల అత్యధికులకు పదమూడు పాళ్లు, గుప్పెడు మందికి మిగిలిందంతా. ఈ చట్టం చేసిన గోసను సోల్ ప్లాట్యే ఊరూరు తిరిగి 1916లనే పుస్తకం చేసిండు. 1994ల కొత్త సర్కారు వచ్చినంక తెల్ల రైతుల భూమిల 30 శాతం ఐదేండ్లల్ల పంచుతమన్నది. ఎట్ల? 'అమ్మేటోడు ఇష్టపడాలె, కొనేటోడు ఇష్టపడాలె' అన్న పద్ధతిల. గుంజుకున్నోడు మార్కెట్ ధర చెప్తే, గుంజబడ్డోడి పన్నుల పైసలతోని సర్కారు కొనాలె! ఐదేండ్లు పోయినయి. గడువు 2014కు జరిగింది. అదీ పోయింది. 2017ల సర్కారే చేసిన భూముల లెక్కల, మనుషుల పేరు మీద ఉన్న వ్యవసాయ భూమిల 72 శాతం తెల్లవాళ్లదే అని తేలింది. వాళ్లు జనాభాల పదోవంతు కూడ లేరు.

ఇంత పెద్ద భూమి కథను కూట్జీ ఎక్కడ నిలబెట్టిండు? వేల హెక్టార్ల జమీను ఉన్న దొర ఫారంల కాదు. ఐదు హెక్టార్లల్ల పూలు, కూరగాయలు పండించి అంగట్ల అమ్ముకునే ఒంటరి ఆడమనిషి పెరట్ల. భూమి పోగొట్టుకునే మనిషి అంత బక్కది, అంత మంచిది అయితే, చదివేటోడి కన్నీళ్లు ఎటు పోతయి? అడుగుతున్న నల్లోడు పెట్రస్ మీద అనుమానంగనే మారతయి కదా. భూమి అడుగుడే నేరం లెక్క కనబడతది కదా. మాయ అంటే ఇదే. అబద్ధం ఒక్కటీ ఉండదు. కొలత మారిపోతది.

'అది లూరీ చూపు' అనేటోళ్లకు

సాహిత్య పండితులు ఇక్కడ ఒక జవాబు చెప్తరు. నవల మొత్తం లూరీ కండ్లతోనే నడుస్తది, పెట్రస్ మనసు తెలువకపోవుడు లూరీ గుడ్డితనం, అది రచయిత గుడ్డితనం కాదు అంటరు. ఈ మాటల పస ఉన్నది. కొట్టిపారేయలేము. లూరీ తను మెలనీకి చేసిన దానికి అత్యాచారం అనే పేరు పెట్టుకోడు. బిడ్డకు అయినప్పుడు అదే పేరు ఒర్రుతడు. ఈ రెండు తూకాలను పక్కపక్కన పెట్టింది రచయితే. తర్వాత లూరీ మెలనీ అమ్మానాయనల ఇంటికి పోయి నేలకు తల ఆనిస్తడు. అంటే ఆయన కథను కూట్జీ అంత అల్కగ వదిలిపెట్టలేదు.

సరే, ఒప్పుకుందాం. కానీ ఆ గుడ్డి కండ్లకు వెలుపల ఏమున్నదో చూపే కిటికీ నవలల ఎక్కడన్న ఉన్నదా? మెలనీ మాట మనకు వినబడదు. ఆమె వాంగ్మూలం లూరీ చదవడు, మనం కూడ చదవం. పెట్రస్ తాత భూమి ఎక్కడ పోయిందో, పెట్రస్ పెరిగిన ఊరు ఏదో ఒక్క వాక్యం దొరకదు. తెల్ల మనిషికి సంగీతం, బైరన్ కవిత్వం, చచ్చే కుక్కల మీద కరుణ, ఇన్ని లోపలి గదులు ఉన్నయి. నల్ల మనిషికి మొహం ఒక్కటే ఉన్నది. లోపల ఏమున్నదో తెలువని మొహం. కుక్కకు దక్కిన లోతు పెట్రస్‌కు దక్కకపోతే, దాన్ని చూపు సంగతి అని ఎంతకాలం దాటేస్తరు?

ఇంకొకటి. లూరీ ముందట కూసున్న కమిటీ, అప్పటి ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్‌కు నీడ అని అందరూ అంటరు. ఆ కమిషన్ 1996 ఏప్రిల్‌ల ఈస్ట్ లండన్ పట్నంల విచారణ మొదలుపెట్టింది. క్షమాభిక్షకు కావాల్సింది రెండే. చేసింది రాజకీయ కారణంతో చేసిందై ఉండాలె, పూర్తిగ నిజం చెప్పాలె. పశ్చాత్తాపం చూపించాలన్న షరతు చట్టంల లేనే లేదు! హంతకుడు ఒక్క కన్నీటిబొట్టు కార్చకుండ, ఎట్ల చంపిండో చెప్పి ఇంటికి పోవచ్చు. నవలల మాత్రం తలకిందులైంది. కమిటీ పశ్చాత్తాపం కోసం ఒత్తిడి చేస్తది, తెల్ల ప్రొఫెసర్ ఆత్మగౌరవం కోసం ఎదురు నిలబడతడు. వందల హత్యల మీద నోరు విప్పని సమాజంల, నిలదీయబడ్డ తెల్లోడు వీరుడి లెక్క కనబడుడు యాదృచ్ఛికమా?

పుస్తకానికి భయపడ్డ సర్కారు

పాలకపార్టీ ఏఎన్‌సీ ఏం చేసింది? 2000 ఏప్రిల్‌ల మీడియాల జాతివివక్ష మీద మానవ హక్కుల కమిషన్ విచారణ పెడితే, అక్కడికి పోయి ఈ నవలను సాక్ష్యం లెక్క ముందట పెట్టింది. తెల్లవాళ్లు నల్లవాళ్లను ఇప్పటికీ ఎట్ల చూస్తున్నరో దీంట్ల చూడుండ్రి అన్నది. 2001ల గౌటెంగ్ రాష్ట్రంల విద్యాశాఖ కమిటీ ఒకటి నదీన్ గార్డిమర్ 1981ల రాసిన 'జులైస్ పీపుల్'ను స్కూలు పుస్తకాల నుంచి తీసెయ్యాలన్నది. ఎవరీ గార్డిమర్? తెల్లపాలనల పుస్తకాల నిషేధాలు ఎదుర్కొన్న మనిషి. నిషేధంల ఉన్నప్పుడే ఏఎన్‌సీల చేరిన మనిషి. 1991 నోబెల్ గ్రహీత. లొల్లి అయినంక ఆ సిఫారసు వెనక్కి పోయింది. సిగ్గుచేటు మాత్రం మిగిలింది.

నవలను విమర్శించుడు పాఠకుడి హక్కు. నవలను విచారణ బల్ల మీద పెట్టుడు సర్కారు పని కాదు. సర్కారు చేతిల కలం ఉన్నది, అది భూమి పంచే ఫైలు మీద సంతకం పెట్టే కలం. ఆ కలం కదలనప్పుడు ఇంకొకని కలం మీద పడుడు అధికారంల ఉన్నోళ్ల పాత అలవాటు. పెట్రస్‌కు పట్టా ఇచ్చి ఉంటే, కూట్జీ రాసిన పెట్రస్ గురించి అంత భయం ఎందుకు?

2002ల కూట్జీ ఆస్ట్రేలియా పోయిండు. 2006ల అక్కడి పౌరుడైండు. ఆయన ఇష్టం. కానీ ఆయన సృష్టించిన లూసీ మాత్రం తండ్రి ఎంత బతిమిలాడినా పోలేదు. ఆ నేల మీద ఉండాలంటే కొంత ఇడువాల్సి వస్తదని ఆమెకు తెలిసింది. రచయిత కన్నా పాత్రకే ఎక్కువ సోయి ఉన్నదనిపిస్తది.

ప్రపంచం చదవని పుస్తకాలు

మనకు కోపం రావాల్సింది ఇంకొక దగ్గర. ఒక్క 'డిస్‌గ్రేస్' చుట్టూ ఇంత లొల్లి అయితే, అదే కాలంల నల్లవాళ్లు, కలర్డ్ అనబడ్డవాళ్లు రాసిన పుస్తకాలు ఎంతమంది చదివిండ్రు?

అక్మత్ డాంగోర్ 'బిట్టర్ ఫ్రూట్' 2001ల వచ్చింది. సైలస్ అనే న్యాయశాఖ ఉద్యోగి. ట్రూత్ కమిషన్‌కు, సర్కారుకు నడుమ పని. ఇరవై ఏండ్ల కింద తన భార్య లిడియాను చెరిచిన తెల్ల సెక్యూరిటీ పోలీసు ఒకరోజు సూపర్‌మార్కెట్‌ల కనబడతడు. వాడు సంచి పట్టుకొని సామాన్లు కొంటున్నడు! నాటి నేరానికి పుట్టిన కొడుకు ఇంట్ల పెరిగి పెద్దోడైండు. లిడియా కూడ లూసీ లెక్కనే కమిషన్ ముందట గాయం చెప్పనంటది. రెండు నవలలల్ల గాయం ఒకటే, మౌనం ఒకటే. రంగులు తిరగబడినయి. ఒకటి బుకర్ గెలిచింది. ఇంకొకటి 2004ల బుకర్ తుది జాబితా దాక వచ్చి ఆగింది. ఈ రెండూ కలిపి చదవని క్లాసు సగం క్లాసే.

జాకెస్ మ్‌డా 1995ల 'వేస్ ఆఫ్ డయింగ్' రాసిండు. అందుల నోరియా అనే తల్లి ఐదేండ్ల కొడుకును చంపింది తెల్ల పోలీసులు కాదు. ఉద్యమంల ఉన్న పోరగాండ్లే ద్రోహి అన్నరు, టైరు వేసి కాల్చిండ్రు. ఉద్యమానికి చెడ్డపేరు వస్తది, నోరు మూసుకో అని నాయకులు ఆ తల్లికి చెప్తరు. తన వాళ్ల తప్పును తన నోటితోని చెప్పిన నల్ల రచయిత ఆయన. ఇది ధైర్యం. పరాయోడి కిటికీల నుంచి చూసి రాసింది కాదు, ఇంట్ల కూసోని రాసింది. అదే మ్‌డా 2000ల 'ది హార్ట్ ఆఫ్ రెడ్‌నెస్'ల కమగు అనే మనిషిని చూపిస్తడు. అమెరికాల పెద్ద చదువు చదివి, ఓటు కోసం ఇంటికి వస్తడు. కొత్త రాజ్యంల కొలువు దొరకదు. ఎందుకంటే నాయకుల చుట్టరికం లేదు, ఊరేగింపుల దుంకిన లెక్క లేదు. డిగ్రీలు పట్టుకొని తిరిగిన ఏ నిరుద్యోగికైనా ఆ పేజీలు గుచ్చుకుంటయి.

ఫస్వానే మ్‌పే 'వెల్‌కమ్ టు అవర్ హిల్‌బ్రో' 2001ల వచ్చింది. జోహాన్నెస్‌బర్గ్ నడిబొడ్డున, బతకొచ్చిన పక్క దేశాల ఆఫ్రికన్లను ఇక్కడి నల్లవాళ్లే ఎంత చీదరించుకుంటరో చెప్పిండు. మూడేండ్లకు 2004ల 34 ఏండ్లకే మ్‌పే చచ్చిపోయిండు. 2008 మేల పరాయి దేశపోళ్ల మీద దాడులు జరిగి 62 మంది చచ్చిపోయిండ్రు. నవల ఏడేండ్ల ముందే చెప్పింది, ఎవరూ వినలేదు. జోయీ వికోంబ్ 2000ల 'డేవిడ్స్ స్టోరీ'ల ఉద్యమంల పనిచేసిన ఆడబిడ్డ మీద సొంత శిబిరాలల్లనే ఏం జరిగి ఉంటదని అడిగింది. ఏఎన్‌సీ శిబిరాలల్ల చిత్రహింసలు జరిగినయని ట్రూత్ కమిషన్ కూడ రాసింది. 1998 అక్టోబర్‌ల ఆ రిపోర్టు బయటికి రాకుండ ఏఎన్‌సీ కోర్టుకు పోయి ఓడిపోయింది. మాజీ అధ్యక్షుడు డి క్లర్క్ మాత్రం కోర్టుకు పోయి తన మీది పేజీకి నల్లసిరా పూయించుకోగలిగిండు.

ఈ రచయితలు ఎవరూ తమవాళ్లను దేవుళ్లను చెయ్యలేదు. తెల్లోడు చెప్తే అవమానం, మనోడు చెప్తే నిజం అనుడు కాదిది. తేడా ఒక్కటే. మ్‌డా రాసిన తప్పు చేసినోడికి అమ్మ ఉన్నది, ఆకలి ఉన్నది, చరిత్ర ఉన్నది. వాడు మనిషి. మనిషిగ ఒప్పుకున్నంకనే ఎవడి నీతినైనా తూకం వెయ్యాలె. ముందు మనిషిని చెయ్యకుండ నేరస్తుణ్ని చేసుడే వలస రచన లక్షణం.

క్షమకు వెల ఎంత?

ట్రూత్ కమిషన్ ముందట 21 వేల మందికి పైగ బాధితులు గోస చెప్పుకున్నరు. క్షమాభిక్ష కోసం ఏడు వేలకు పైగ దరఖాస్తులు వచ్చినయి, 849 మందికి దొరికింది. దొరకనోళ్లనన్న జైలుకు పంపిండ్రా అంటే, కేసులు నడిచింది వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. బాధితులకు ఏండ్ల తరబడి భృతి ఇయ్యాలని కమిషన్ చెప్పింది. 2003ల అధ్యక్షుడు థాబో ఎంబెకి ఒక్కసారికి 30 వేల ర్యాండ్లు ఇస్తమన్నడు. వర్ణవివక్షల సంపాదించిన కంపెనీల మీద పన్ను వెయ్యాలన్న సిఫారసును పక్కకు పెట్టిండు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి 30 వేలు. గనుల మీద నూరేండ్లు తిన్న కంపెనీకి సున్నా. 2012 ఆగస్టు 16న మారికానల జీతం పెంచమన్న 34 మంది గని కార్మికులను పోలీసులు కాల్చి చంపిండ్రు. ఆ పోలీసులు స్వతంత్ర దేశపు పోలీసులు.

మరి నైతికత గురించి సెమినార్ల మాట్లాడేటోళ్లు ఈ లెక్క ఎందుకు చెప్పరు? బాధితుడు క్షమించాలె, హుందాగ ఉండాలె, పగ పెట్టుకోవద్దు.. నీతి పాఠమంతా బాధితుడికే. గుంజుకున్నోడికి ఒక్కటే పాఠం, 'ధర చెప్పు' అని.

తెలుగోళ్లకు ఇందుల ఏం పని?

పని ఉన్నది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ రేవుకు చేరింది. 1911 దాక లక్షా 52 వేల మంది కూలీలు కంట్రాక్టు కాగితాల మీద వేలిముద్రలేసి నాటాల్ చెరుకు తోటలకు పోయిండ్రు. అందుల తెలుగోళ్లు వేల మంది. అక్కడి నాయుడులు, రెడ్లు వాళ్ల వారసులే. 1931ల ఆంధ్ర మహాసభ పెట్టుకొని భాషను కాపాడుకున్నరు. డర్బన్‌ల కాటో మేనర్ నుంచి భారతీయులను, ఆఫ్రికన్లను వెళ్లగొట్టిన గోసను రోనీ గోవెండర్ 1996ల 'ఎట్ ది ఎడ్జ్' కథలల్ల రాసిండు. భారతీయులకు, కలర్డ్‌లకు చెరొక సభ ఇచ్చి, నల్లవాళ్లను బయట ఉంచే మూడు సభల పార్లమెంటు ఎర 1984ల వేస్తే, ఎక్కువమంది ఆ ఎన్నికలను బహిష్కరించిండ్రు. చిన్న వాటా ఇచ్చి చీల్చే కుట్రను పసిగట్టినోళ్లల్ల మనోళ్లున్నరు. మన సాహిత్య చరిత్రలల్ల వాళ్ల పేరు ఎక్కడున్నది?

ఇంకో లింకు కూడ ఉన్నది. 2001ల అదే డర్బన్‌ల జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. కులాన్ని కూడ చర్చించాలని మన దళిత సంఘాలు అక్కడిదాక పోయి కొట్లాడినయి. కులం వేరు, జాతి వేరు అని భారత సర్కారు అడ్డం పడ్డది. అపార్థీడ్‌ను మనం తెలుగుల ఏమంటం? వర్ణవివక్ష అంటం. వర్ణం అంటే రంగు. వర్ణం అంటే చాతుర్వర్ణం కూడ. ఢిల్లీ దాచిన సంగతిని మన మాటే ఒప్పుకుంటున్నది! దక్షిణాఫ్రికా నవల చదివి కంటతడి పెట్టే పెద్దమనిషి, వాడ అవతలి పెట్రస్ ఎవరో, ఆయన తాత భూమి ఎవరి పట్టాల ఉన్నదో అడగకపోతే ఆ కన్నీళ్లు ఉత్త ఉప్పునీళ్లే.

ఇంకా నడుస్తున్న కథ

ఇది పాత పుస్తకాల పంచాయితీ అనుకునేటోళ్లు 2025ను చూడుండ్రి. జనవరిల దక్షిణాఫ్రికా అధ్యక్షుడు రామఫోసా భూసేకరణ కొత్త చట్టం మీద సంతకం చేసిండు. కొన్ని సందర్భాలల్ల నష్టపరిహారం లేకుండ కూడ సర్కారు భూమి తీసుకోవచ్చని అందుల ఉన్నది. ఒక్క సంతకానికే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ దేశానికి సాయం ఆపమన్నడు, ఆఫ్రికానర్ తెల్లవాళ్లను శరణార్థులుగ తీసుకుంటమన్నడు. మేల మొదటి జట్టు విమానమెక్కి పోయింది. ఎవరు శరణార్థులు? 1913 నుంచి నేల పోగొట్టుకున్నోళ్లా, నేల మీద కూసున్నోళ్లా?

ఒంటరి ఫారం ఇల్లు, తెల్ల ఆడమనిషి, చీకట్ల నల్లనీడలు.. ఈ బొమ్మను నవల పుట్టించలేదు. నవలకు ముందు నుంచే వలసపాలకుల మనసుల ఉన్నది. కానీ గొప్ప కలం దానికి కొత్త పాణం పోసింది. ఆ బొమ్మ ఇప్పుడు సాహిత్యంల లేదు, విదేశాంగ విధానంల ఉన్నది. కథ అబద్ధమాడకుండనే అన్యాయం చెయ్యగలదు అనేదానికి ఇంతకన్న రుజువు ఏం కావాలె?

'డిస్‌గ్రేస్' చదవొద్దని ఎవరన్న అంటే వాళ్లతోని మన పేచీ. చదవాలె. 'బిట్టర్ ఫ్రూట్' పక్కన పెట్టుకొని చదవాలె. మ్‌డాను, మ్‌పేను, వికోంబ్‌ను తెలుగులకు తేవాలె. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పని నెత్తికెత్తుకోవాలె. పరీక్షల 'నైతికత' మీద ప్రశ్న వస్తే, 1913 చట్టంతోని జవాబు మొదలుపెట్టాలె.

నల్లోళ్ల మూడు వందల ఏండ్ల గోసను వేరెవరి గోసతోని తూకం వెయ్యలేం, వెయ్యొద్దు. కానీ 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్న మనకు వాళ్ల కథల ఒక హెచ్చరిక ఉన్నది. కొలువుల కోసం, నీళ్ల కోసం, ఆత్మగౌరవం కోసం రోడ్డెక్కిన విద్యార్థికి, పెన్‌డౌన్ చేసిన ఉద్యోగికి అది తొందరగ అర్థమైతది. జెండా దిగిన నాడు అధికారం మారింది అనుకుంటం. పట్టా చేతికొచ్చిన నాడే మారిందని రాసుకోవాలె. అప్పటిదాక క్షమ గురించి ఎవరన్న పాఠం చెప్పొస్తే, మన నోట ఒక్కటే ప్రశ్న రావాలె. కాగితం మీద ఎవరి పేరున్నది?